పెంకు లోపలి వైపు

ఆయన పోయాడని నాకు పదో రోజున తెలిసింది. అదీ ఎవరో పనిగట్టుకుని చెప్పింది కాదు. పళ్ల డాక్టర్లకు సామాను అమ్మే ఒకతను నాగర్‌కర్నూల్‌లో నా క్లినిక్‌కు వచ్చి, దూది, గ్లౌజులు, సూదులు బల్ల మీద సర్దుతూ మాటల మధ్యలో చెప్పాడు. వనపర్తి ల్యాబాయన పోయాడని, రేపే దినాలని, గద్వాల పెద్ద డాక్టరు గారితో సహా అందరూ వెళ్తున్నారని. అక్కడితో ఆగినా బాగుండేది.

"మనిషి మంచోడే సార్. గనీ ఆయన జేసిన సెరామిక్ నిలువకపోతుండె కద," అన్నాడు.

అతని తప్పేం లేదు పాపం, విన్న మాట అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. సామాను తీసుకుని వెళ్లిపొమ్మన్నాను. అతను బిత్తరపోయి, తలుపు దగ్గర ఆగి, నేనేం తప్పుగా మాట్లాడానని అడిగాడు. ఏం లేదు, పొమ్మన్నాను.

ఆయన చేసిన పింగాణి పన్ను నిలవదన్న మాట ఐదేళ్ల కింద గద్వాలలో పుట్టింది. నేను అప్పుడు పనిచేస్తున్న క్లినిక్‌లోనే పుట్టింది. అది అబద్ధం. అబద్ధమని నాకు ఆ రోజే తెలుసు. ఆ ఒక్క మాటతో ఒక పనిమంతుడి పేరు మూడు ఊళ్లలో మట్టిలో కలిసింది. ఇప్పుడు మనిషి కూడా పోయాడు, మాట మాత్రం బతికే ఉంది. ఇంకా నోరు మూసుకుని కూర్చుంటే నాకు అన్నం సయించదు.

ఆయన డాక్టరు కాదు, పళ్లు చేసేవాడు. మేం నోటి అచ్చు తీసి పంపితే, దాంట్లో ప్లాస్టర్ పోసి, దాని మీద పింగాణి పన్ను చేసి, కొలిమిలో కాల్చి, చిన్న డబ్బాలో దూది మధ్య పెట్టి బస్సులో పంపేవాడు. పేషెంటుకు ఆయన ముఖం తెలియదు. పన్ను బాగుంటే పేరు డాక్టరుది, ఊడితే తప్పు ల్యాబుది. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు గానీ, దాని చాటున హాయిగా బతికినవాణ్ణే.

బక్క మనిషి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి బిగించుకునే అద్దం ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. ముందరి పళ్ల మీద ఫ్లోరైడు నీళ్లు పెట్టిన గోధుమరంగు చారలు. మా వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో సగం మందికి ఉండేవే. ఊరందరి పళ్లూ తెల్లగా చేస్తావు, నీవి ఇట్లా ఎందుకు ఉంచుకున్నావన్నా అని ఒకసారి అడిగాను. ఎవరు అతికిస్తరు, నువ్వా అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కోపం వస్తే అందరికీ గొంతు లేస్తుంది. ఆయనకు తగ్గేది. ఫోన్లో ఆయన మాట సరిగా వినపడటం లేదంటే సిగ్నల్ లేక కాదు, నామీద మండిపడుతున్నాడని అర్థం. అప్పట్లో మా క్లినిక్‌లో మొబైల్ పలికేది మెట్ల మీద ఒక్కచోటే. అక్కడ నిలబడి, ఒక చెవి మూసుకుని, ఆయన తిట్లు వినడానికి నానా అవస్థ పడేవాణ్ణి.

నేను గద్వాల చేరిన మొదటి నెలలోనే ఆ మెట్ల మీదికి ఫోన్ వచ్చింది. ముందురోజు పంపిన అచ్చు అందిందని చెప్తాడనో, పంటి రంగు అడుగుతాడనో అనుకున్నాను.

"సారూ, ఏం పని జేస్తది ఈ నోరు?" అన్నాడు.

వెటకారం అనుకుని, నోరు ఏం చేస్తుంది, తింటుంది అన్నాను. తినేది అందరి నోరూ, ఈ నోరు ఇంకేం చేస్తుందో కనుక్కొని చెప్పమన్నాడు. బస్సు కండక్టరైతే విజిల్ ఏ పక్క పెట్టుకుంటాడు, దర్జీ అయితే గుండుసూదులు ఏ పళ్ల మధ్య పట్టుకుంటాడు, బీడీ తాగేవాడైతే ఎటు తాగుతాడు. ఇవన్నీ తెలియకుండా పన్ను ఎట్లా చేయాలని ఆయన ప్రశ్న. నువ్వు పంపింది ప్లాస్టర్, ప్లాస్టర్ ఏమీ కొరకదు సారూ అని పెట్టేశాడు. ఐదేళ్లు కాలేజీలో చదివి వచ్చిన నాకు ఒక్క మాస్టారు కూడా ఆ ప్రశ్న అడగడం నేర్పలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గు కాస్తా కోపమై కూర్చుంది. పళ్లు చేసేవాడు నాకు చెప్పేదేంది అనుకున్నాను.

ఆయన పంపే ప్రతి డబ్బా మూత మీద పెన్సిల్‌తో ఒకటే రాసి ఉండేది. లోపల ముట్టకు. పంటి ముందు వైపు అతికించే పింగాణి పెంకు గోరంత మందం ఉంటుంది. బయటి వైపు అద్దంలా మెరుస్తుంది, దాన్ని ఎవరైనా చూస్తారు. ఆయన ప్రాణమంతా లోపలి వైపు మీదే. అక్కడ ఘాటు యాసిడ్ పెట్టి, సుద్దలా తెల్లబారేదాకా కరిగించి, కడిగి, ఆరబెట్టి పంపేవాడు. పెంకును పంటికి అతికించే రెజిన్ సిమెంటు ఆ గరుకులోకి దిగాలి. వేలి జిడ్డు తగిలినా, ఉమ్మి తగిలినా దిగదు. పెంకు నోట్లో సరిపోయిందా లేదా చూశాక మళ్లీ కడగాలని నాకు వందసార్లు చెప్పాడు. పెంకు చేతిలో ఉన్నంతసేపూ ఆయన ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆయన్ని చూస్తూ చూస్తూ నేనూ బిగబట్టేవాణ్ణి.

ఒక ఆదివారం వనపర్తిలో వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు రెండు గదులు, వెనక రేకుల కింద కొలిమి. వంటింటి గూట్లో పచ్చడి సీసాలు ఉండాల్సిన చోట గాజు సీసాల వరుస. ఒక్కో దాంట్లో నీళ్లు, నీళ్లలో మనుషుల పళ్లు. మేం పీకేసినవే, మా దగ్గరే అడిగి తెచ్చుకున్నాడు. ప్రతి పంటికీ ఒక పింగాణి ముక్క అతికించి ఉంది. పొద్దున లేవగానే ఆ సీసాల్లో నీళ్లు పారబోసి చాయ్ అంత వేడి నీళ్లు పోస్తాడట. కాసేపు ఆగి అవి పారబోసి కుండలో నీళ్లు పోస్తాడట. మళ్లీ వేడివి, మళ్లీ చల్లవి. రోజూ, పండగైనా పబ్బమైనా.

వాళ్ల ఆవిడ నాకు చాయ్ ఇస్తూ, "మా ఇంట్ల పొయ్యి ముట్టిస్తే ముందల పండ్లకు సారూ, ఎనక మనుషులకు," అంది.

ఆయన ఒక సీసా దించి, పన్ను బయటికి తీసి, బొటనవేలి గోరుతో పింగాణి ముక్కను తోశాడు. కదల్లేదు. ఇంకో సీసాలోంచి ఇంకో పన్ను తీసి తోశాడు. ముక్క పెచ్చులా రాలి ఆయన అరచేతిలో పడింది. రెండూ ఒకే రోజు అతికించినవే. మొదటిదానికి మంచి మందు పూశాడు, రెండోదానికి తెల్లబారిన మందు.

ఆ మందు గురించి చెప్పాలి, ఎందుకంటే నా పాపమంతా దాంట్లోనే ఉంది. సైలేన్ అంటారు దాన్ని. పింగాణి గరుకు మీద ఒక్క పూత పూస్తే, అది ఒక చేత్తో పింగాణిని, ఇంకో చేత్తో రెజిన్‌ను పట్టుకుంటుంది. బాగున్నప్పుడు నీళ్లంత తేటగా ఉంటుంది. వేడికి పాడైతే బియ్యం కడిగిన నీళ్లలా అవుతుంది. పాడైన మందు పూసినా పెంకు అతుక్కోకపోదు, గరుకు ఉంది గనుక అతుక్కుంటుంది. ఒక నెల, ఆరు నెలలు, కొన్నిసార్లు రెండు మూడేళ్లు. ఈలోగా నోట్లో తడి, వేడి చాయ్, చల్లని నీళ్లు కలిసి లోపల్లోపల ఆ పట్టు విడదీస్తూ ఉంటాయి.

"మొదటి రోజు మైదా పిండి గూడ అతుకుతది సారూ. నీళ్లల్ల ఏడాది నాననీ, అప్పుడు మాట్లాడుదం," అన్నాడు ఆయన.

తెల్లబారిన మందు సీసా చూస్తే పారెయ్యాలని, ఎవరెంత తొందరపెట్టినా పూయొద్దని, ఆ రోజు నా కళ్లలోకి చూసి చెప్పాడు. నేను తలూపాను. కాబట్టి నాకు తెలియదని అనడానికి లేదు.

సువర్ణ గద్వాలలో చీరలు నేసే అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. ముందరి ఆరు పళ్ల మీదా ఫ్లోరైడు మచ్చలు ముదిరి, ఎనామిల్ అక్కడక్కడా గుంటలు పడింది. కుర్చీలో పడుకోబెట్టినా నోటి మీంచి కొంగు తీయడానికి చాలాసేపు పట్టింది. మగ్గం ముందు ఒక్కతే కూర్చున్నప్పుడు కూడా కొంగు అడ్డం పెట్టుకునే నేస్తుందని వాళ్లమ్మ చెప్పింది. ఆరు పళ్లకూ పింగాణి పెంకులు వేద్దామని, ఆ క్లినిక్ నడిపే పెద్ద డాక్టరు నిర్ణయించి, పని నాకు అప్పగించాడు. అచ్చు వనపర్తికి పంపాను. మామూలు ప్రశ్న వచ్చింది. చీరలు నేస్తుంది అని చెప్పాను. మర్నాడు పొద్దున బస్సెక్కి, కృష్ణ దాటి, మనిషే వచ్చి క్లినిక్ ముందు నిలబడ్డాడు.

ఆమెను పిలిపించి నోరు చూపించమనలేదు. సువర్ణ ఇంటికి పోదాం పదమన్నాడు. వెళ్లి మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె నేస్తుంటే గంటసేపు చూశాడు. పోగు తెగినప్పుడల్లా ఆమె రెండు కొసలూ కలిపి ముడివేసి, మిగిలిన దారాన్ని ఎడమవైపు ముందరి పంటితో టక్కున కొరికేది. ఒక్క గంటలో ఎన్నిసార్లో. కత్తెర పెట్టుకోరాదా బిడ్డా అని ఆయన అడిగాడు.

"చేతులు మగ్గం మీద ఉంటయి పెద్దనాయినా. ఖాళీగ ఉండేది నోరే కద," అంది సువర్ణ, కొంగు వెనకనుంచి.

ఆయన నావైపు తిరిగి, విన్నవా అన్నట్టు చూశాడు. ఆ ఎడమ పన్ను పెంకును అంచు దగ్గర మిగతావాటికన్నా మందంగా చేశాడు. కొరికే బరువు పంటి మీదికి దిగేలా, ఒక్క పింగాణి మీదే పడకుండా అమర్చాడు. చూస్తే తేడా తెలియదు. అంత అందంగా, అంత మొండిగా చేసిన పని నేను మళ్లీ చూడలేదు.

అది రెండువేల నాలుగు ఎండాకాలం. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఫ్రిజ్ అలమరాతో సమానం. సువర్ణను కుర్చీలో కూర్చోబెట్టి, సైలేన్ సీసా మూత తీసి ఒక చుక్క వేశాను. తెల్లగా ఉంది. బియ్యం కడిగిన నీళ్లే. కొత్త సీసా హైదరాబాద్ నుంచి రావడానికి వారం పడుతుంది. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, పాడైందని చెప్పకుండా, పేషెంటును వచ్చే వారం పిలవమంటారా అని మాత్రం అడిగాను. మల్ల మల్ల రాదు, ఇయ్యాల్నే పెట్టి పంపియ్యి అన్నాడు. పాడైందని చెప్పి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పనిముట్లు ఉడికించే యంత్రం పక్కన రోజుల తరబడి మరిచిపోయింది నేనే మరి.

పూశాను. ఆరింటికీ అదే మందు పూసి, రెజిన్ పెట్టి, అది గట్టిపడేలా నీలి లైటు వేసి అతికించాను. ఆరూ చక్కగా కూర్చున్నాయి. సువర్ణ అద్దంలో చూసుకుని, కొంగు కిందికి వదిలేసి, వాళ్లమ్మ వైపు తిరిగి నవ్వింది. సాయంత్రం మెట్ల మీదికి ఫోన్ వచ్చింది. లోపల ముట్టలేదు కద, మందు మంచిగుండె కద అని అడిగాడు. మంచిగుంది అన్నాను. గొంతు తగ్గలేదు, అంటే కోపం లేదు. సంతోషంగానే పెట్టేశాడు.

పదకొండు నెలలకు సువర్ణ వచ్చింది. మళ్లీ నోటికి కొంగు. కొంగు చివర ముడి విప్పి, ఎడమ పన్ను పెంకు నా చేతిలో పెట్టింది. పోగు కొరుకుతుంటే ఊడిందట, ఎక్కడా విరగలేదు.

"మిగిలినయి గూడ ఊడుతయా సార్?" అని అడిగింది.

నేను పెంకు తిప్పి చూశాను. లోపలి వైపు శుభ్రంగా ఉంది, రెజిన్ అంతా పంటి మీదే ఉండిపోయింది. అంటే పంటిమీద పట్టు బాగానే ఉంది, పింగాణి మీద పట్టే పోయింది. ఇక తప్పు ఇద్దరిలో ఒకరిది. యాసిడ్ సరిగా పెట్టని ల్యాబుదో, మందు సరిగా పూయని నాదో. పెద్ద డాక్టరు పెంకును ఒక్కసారి చూసి, యాసిడ్ పెట్టనేలేదు వీడు అన్నాడు. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే ఈ కథే లేదు. నేను తల దించుకున్నాను. అటు తర్వాత లోపలికి వెళ్లి, ఆ తెల్లబారిన సీసా ఇంకా అలమరా వెనక పడి ఉంటే, తీసి చెత్తబుట్టలో వేశాను. దాని మీద దూది కప్పాను.

కబురు అంది ల్యాబాయన మర్నాడే వచ్చాడు. కంటికి అద్దం బిగించి పెంకు లోపలి వైపు చాలాసేపు చూశాడు. సూది మొనతో ఒక్క చుక్క నీళ్లు అక్కడ వదిలాడు. చుక్క గుండ్రంగా నిలవలేదు, గరుకు మీద పలచగా పాకిపోయింది. చూడుండ్రి, యాసిడ్ కరిచింది, కరవకపోతే చుక్క ఇట్ల పారదు అన్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే పెద్ద డాక్టరు ముందుకు వంగి వినాల్సి వచ్చింది. విని నవ్వాడు. నీళ్ల చుక్కలతో నాకు పాఠాలు చెప్తవా అన్నాడు. ల్యాబాయన నావైపు తిరిగాడు.

"మందు సీసా జర తెస్తవా సారూ?"

ఆ సీసా అయిపోయింది, ఇప్పుడున్నది కొత్తది అన్నాను. అయిపోయిన సీసా ఎట్లా ఉండేదని అడిగాడు. తేటగా ఉండేది అన్నాను. ఆయన అద్దం కంటినుంచి తీసి, నా ముఖం చూశాడు. నేను ఆయన చొక్కా గుండీలు చూశాను.

కొత్త పెంకు చేసి ఇమ్మని పెద్ద డాక్టరు అన్నాడు. చెయ్యను అన్నాడు ఆయన. ఇది మంచిదే, ఇదే పెట్టాలె. పోనీ మళ్లీ యాసిడ్ అన్నా పెట్టు అంటే, పెట్టను, పెడితే తప్పు నాదని ఒప్పుకున్నట్టయితది అన్నాడు. పెద్ద డాక్టరు చేతులు దులుపుకుని భోజనానికి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పుడు ఆయన చొక్కా లోపలి జేబులోంచి గుడ్డలో చుట్టిన సీసా తీశాడు. సొంత మందు, వనపర్తి నుంచి తడిగుడ్డ చుట్టి తెచ్చుకున్నాడు. తేటగా మెరిసింది. సువర్ణను పిలవమన్నాడు.

ఆయన పేషెంటు నోట్లో చేయి పెట్టడు. అది డాక్టరు పని, నాది కాదు అనేవాడు. కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి, నాతో చేయించాడు. పంటి మీది పాత రెజిన్ తీయించాడు. పెంకు కడగమన్నాడు, పింగాణిని కరవని, మురికి మాత్రమే తీసే నీలి యాసిడ్‌తో ఇంకోసారి కడగమన్నాడు, ఆరబెట్టమన్నాడు. ఒక్క పూతే పూయమన్నాడు. అది ఆరేదాకా ఆగమన్నాడు. అతికించి, లైటు వేసి, సువర్ణను పంపేశాక, చేతులు కడుక్కుంటున్న నా పక్కకు వచ్చాడు.

"ఇప్పుడు ఎవ్వరు లేరు. ఆ సీస తెల్లగయ్యిందా లేదా?"

అడిగిన తీరులో బెదిరింపు లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే. నా పని పోతుందేమో, పెద్ద డాక్టరు వీధిలోకి గెంటుతాడేమో, చేతకానివాడని ఊరంతా చెప్పుకుంటారేమో అని నా భయాలు నాకున్నాయి. ఎన్ని పేర్లు పెట్టినా అది పిరికితనమే.

"లేదన్నా," అన్నాను.

"సరే," అని, తన సీసా గుడ్డలో చుట్టుకుని, బస్టాండుకు నడిచి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే పెద్ద డాక్టరు వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ ఫోన్లు చేసి మిగతా డాక్టర్లకు చెప్పాడు. వనపర్తి సెరామిక్ నిలవదు, ఊడిపోతోంది అని. అందరూ అచ్చులు కొరియర్లో హైదరాబాద్ పంపడం మొదలుపెట్టారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా, ఎన్ని పళ్లు ఊడాయని అడగలేదు. అప్పటికి ఊడింది ఒకటి. ఆయన కొలిమి మీద సంచి కప్పి, ముసలివాళ్లకు కట్టుడు పళ్ల సెట్లు చేసుకుంటూ బతికాడు. గులాబీ రంగు ప్లాస్టిక్కులో అంగట్లో కొన్న పళ్లు గుచ్చే పని. గోరంత పెంకు లోపల ఊపిరి బిగబట్టి పనిచేసిన చేతులతో.

నాకు ఆయన మీద కూడా కోపమే. ఎందుకు అరవలేదు? వనపర్తి చౌరస్తాలో నిలబడి నా పేరు పెట్టి తిట్టవచ్చు కదా. అందరినీ పిలిచి, ఈ కుర్ర డాక్టరు పాడైన మందు పూశాడని చెప్పవచ్చు కదా. చేతిలో రుజువు లేకుండా మాట్లాడడు, అదీ ఆయన రోగం. రుజువేమో నేను దూది కప్పి పడేశాను.

తర్వాత నేను నాగర్‌కర్నూల్ వచ్చి సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. ఆ తర్వాతి రెండేళ్లలో సువర్ణ పెంకులు మిగతా ఐదూ ఒకదాని తర్వాత ఒకటి ఊడాయి. అవన్నీ నేను తెల్ల మందు పూసినవే. ఊడినప్పుడల్లా ఆమె ఇంతదూరం నా దగ్గరికే వచ్చింది, ఎందుకో నామీద నమ్మకం. అవే పెంకులు, మళ్లీ ఘాటు యాసిడ్ పెట్టకుండా, ఆయన చెప్పిన తీరుగా కడిగి, మంచి మందు పూసి అతికించాను. ఆయన నా వెనక నిలబడి చేయించిన పన్ను మాత్రం ఇప్పటిదాకా కదల్లేదు. పోగులు కొరికే పన్నే అది. ఐదేళ్లు. ఆయన సీసాల్లో వెతుక్కున్న రుజువు గద్వాలలో ఒక మగ్గం ముందు కూర్చుని రోజూ నవ్వుతోంది. వనపర్తి వెళ్లి ఆ మాట ఆయనకు చెప్పాలని ప్రతి ఏడాదీ అనుకున్నాను. వెళ్లలేదు. గంటన్నర బస్సు ప్రయాణం.

దినాలకు వెళ్లాను. ఇంటి ముందు షామియానా, బెంచీలు, వరుసగా విస్తళ్లు. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. తెల్ల సీసా, దూది, మూడుసార్లు ఆడిన అబద్ధం, సువర్ణ పళ్లు. చెప్తూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు. చివరిదాకా విని, నా చేతిని తన మోకాలి మీంచి తీసి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నవ్ సారూ? నేనేమన్న ఆయన పని నిలువదన్ననా? అన్నోళ్లు గాడ కూసున్నరు. పోయి గాడ చెప్పు."

లేచి వెళ్లాను. పెద్ద డాక్టరు, ఆయన పక్కన వనపర్తి డాక్టర్లు ఇద్దరు, మా ఊరి డాక్టరు ఒకరు వరుసగా కూర్చుని తింటున్నారు. పెద్ద డాక్టరు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. నా విస్తట్లో అన్నం పడింది. ముట్టుకోకుండా, నలుగురికీ వినపడేలా చెప్పాను. ఆ రోజు గద్వాలలో పన్ను ఊడింది నా వల్ల. మందు పాడైందని తెలిసే పూశాను. సీసా నేనే పడేశాను. ఆయన పనిలో ఏ లోపమూ లేదు. ఒక్క లోపమూ లేదు.

వనపర్తి డాక్టర్లిద్దరూ తినడం ఆపి పెద్ద డాక్టరు వైపు చూశారు. ఆయన ముద్ద మింగి, మంచినీళ్లు తాగాడు.

"నాకు తెల్వదా ఏంది? నువ్వు చెత్తబుట్టల ఎయ్యంగ చూసిన. చిన్నపిలగానివి, నీ పేరు ఖరాబైతదని ఊకున్న," అన్నాడు. నా భుజం తట్టాడు. "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు? తిను. పెరుగు వస్తది."

ఇన్నేళ్లూ దాచాననుకున్నది దాగలేదు. ఇద్దరం కలిసి చేశాం, ఒకరికొకరం చెప్పుకోకుండా. పెరుగు బకెట్టు పట్టుకున్న చుట్టం మా వరుస మొదట్లోకి వచ్చి గరిటె ముంచాడు. మా వెనక, షామియానా గుంజ దగ్గర, ల్యాబాయన భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"గీ వరుసకు వద్దు," అంది అతనితో. "లేసి పోతరు వీళ్లు. ఆ పక్కోళ్లకు పొయ్యి."

గొంతు పెంచలేదు. అతను బకెట్టు తీసుకుని అవతలి వరుసకు వెళ్లాడు. పెద్ద డాక్టరు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. అందరికన్నా ముందు లేచింది నేనే.